హెర్మాన్స్ అక్క రొట్టెల దారి

ఏమ్మాయ్, చెయిన్ పడిందా? పడుతుంది, ఆ మలుపులో గేరు మారిస్తే ఎవరికైనా పడుతుంది. వేసేశావూ? గట్టిదానివే. ఇలా వచ్చి నీడన కూర్చో, నీళ్ళు తాగు. మెల్లిగా తాగు, పొలమారుతుంది. ఈ దారి నీకెవరు చెప్పారు? ఫోన్లో చూపించిందా? ఏవని రాసింది, బళ్ళు తిరగవు, చెట్ల నీడ, ఎక్కడానికి హాయి అనా? హాయో కాదో నీ మొహమే చెబుతోందిలే. మరి హెర్మాన్స్ అక్క పేరు రాసిందా అందులో? లేదూ. అదే మరి. ఎన్ని కిలోమీటర్లో రాస్తారు, ఎంత ఎత్తో రాస్తారు, దారిని బతికించిన మనిషిని మాత్రం రాయరు.

హెర్మాన్స్ అంటే ఈ కొండ మీద మా మోర్న్ సెరిజ్ ఊళ్ళో రొట్టెలమ్మే ఆవిడ. పోయి ఇరవై రెండేళ్ళయింది. మనిషి నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. పిక్కలు మాత్రం, మా అమ్మ అనేది, "దానివి కాళ్ళు కావురా, రోకళ్ళు" అని. పొద్దున్నే కింద సముద్రం ఒడ్డున బట్టీలోంచి రొట్టెలు దించగానే ముందు బుట్ట నిండా, వెనక పెట్టె నిండా సర్దుకుని పదకొండు కిలోమీటర్లు కొండెక్కేది. సైకిల్ అంటే నీదానిలాంటిది కాదమ్మా, నీది ఒక వేలుతో లేపొచ్చు. అది వాళ్ళ నాన్న వాడిన ఇనప సైకిల్. గేర్లూ లేవు, గీర్లూ లేవు. బ్రేకు కూడా ఒకటే, అదీ దానికి బుద్ధి పుడితే పడేది. మొగుడు లేడా అంటే ఉండేవాడు, పడవల మీద వెళ్ళి, మరీ-గలాంట్ అని పక్క దీవి ఉందిలే, అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. ఆవిడ ఏడవలేదు. "సైకిల్ మీద వాడు కూర్చునే చోట ఇంకో నలభై రొట్టెలు పడతాయి" అంది. అలాంటి మనిషి.

ఏం చెబుతున్నాను, ఆఁ, తుఫాను. ఆ ఏడు తుఫాను వచ్చి రెండో వాగు మీద వంతెన ఊడ్చుకుపోయింది. అరటితోటలు చాప చుట్టినట్టు పడుకున్నాయి. కింద ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, "నలభై ఇళ్ళ కోసం వంతెనెక్కడ కడతామయ్యా, కిందకి దిగిపోండి, ఒడ్డున స్థలాలిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. నేను పెట్టానమ్మా. దాచడం ఎందుకు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, అరటిగెలల లారీ తోలేవాణ్ణి, వాన పడితే లారీ వాగు దాటదు, నా బతుకేం కావాలి? అందరం పెట్టాం. హెర్మాన్స్ అక్క పెట్టలేదు. వాగు మీద రెండు చెక్కలు వేసుకుని, సైకిల్ భుజానికెత్తుకుని దాటేది. రొట్టెలకి మళ్ళీ ఇంకోసారి వెనక్కి వెళ్ళేది. "గ్రాసియెన్, సంతకం పెట్టావటగా" అని నన్నడిగింది. పెట్టానక్కా అన్నాను. "సరేలే, చెయ్యి నీదేగా" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మా గ్వాడెలూప్ దీవిలో సైకిల్ రేసంటే నీకు చెప్పక్కర్లేదు. ఆగస్టు వచ్చిందంటే పెళ్ళిళ్ళు కూడా వాయిదా వేసుకుంటారు. రేసు వెళ్ళే దారికి తారు దానంతటదే పరుచుకుంటుంది, వాగుకి వంతెన కూడా వచ్చేస్తుంది. ఈ సంగతి మా నలభై ఇళ్ళలో ఆవిడ ఒక్కదానికే తట్టింది. రేసుని మా కొండ దారిన పంపమని అడగడానికి ఆదివారం బట్టలు కట్టుకుని రేసు కమిటీ దగ్గరికి దిగింది. కమిటీకి పెద్ద వాల్కూర్ దొర, మేం మొస్యే వాల్కూర్ అనేవాళ్ళం, మందుల షాపాయన, తెల్ల సూటు, మాట్లాడితే ముక్కులోంచి. "అమ్మా, రేసు ఒడ్డు దారినే వెళుతుంది. మీ కొండ దారి మేకలకి బాగుంటుంది" అన్నాడట. ఈవిడ, "మరి మీ మొనగాడు మేకపాటి చెయ్యడా అయ్యా? ఒకసారి పంపండి. నేను రొట్టెల బరువుతోనే ఎక్కుతా. నాకంటే ముందు పైకొస్తే ఇంక మీ గుమ్మం తొక్కను" అంది. గదిలో అందరూ నవ్వారట. నవ్వుకే ఒప్పుకున్నారు, నవ్వుల పాలైతే ఇంక మళ్ళీ రాదులే అని.

మొనగాడంటే ఫ్లోరిమోన్. రెండేళ్ళు వరసగా గెలిచినవాడు, ఇరవై ఆరేళ్ళు, గుర్రంలా ఉండేవాడు. రొట్టెలావిడతో పోటీ ఏవిటని పాపం సిగ్గుపడ్డాడు కూడా. హెర్మాన్స్‌కి నలభై మూడు. వెనకాల సాక్ష్యానికి నా లారీ. వాగులో నీళ్ళు తక్కువున్నాయిలే. పక్క సీట్లో మొస్యే వాల్కూర్, మోకాళ్ళ మీద రుమాలు పరుచుకుని.

బయల్దేరగానే ఫ్లోరిమోన్ మాయమైపోయాడు. మరి ఈవిడ ఏం చేసిందనుకున్నావు? మొదటి ఇంటి దగ్గర ఆగింది. నిజం! రెండు రొట్టెలిచ్చి, ముసలాయన కాలినొప్పి ఎలా ఉందో అడిగి మరీ ఎక్కింది. తర్వాతింటి దగ్గర మళ్ళీ ఆగింది. వాల్కూర్ పొట్ట పట్టుకుని నవ్వి కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మా, ఇది పోటీయా, బేరమా?" అన్నాడు. "చల్లారిన రొట్టె మీరు తింటారా అయ్యా?" అని తొక్కుతూనే అడిగింది. అయిపోయిందిరా, ఇంక మూట కట్టుకోవడమే అనుకున్నా.

వెదురు తోపులో రోడ్డంతా నాచు. ఈవిడ అంచున గడ్డి మీంచి పోయింది. ఫ్లోరిమోన్ అక్కడ జారిపడ్డ గీత కనిపించింది మాకు. ఆ పైన చెట్టన్నది లేని ఎక్కుడు ఉంది చూశావూ, ఇప్పుడే వచ్చావుగా, దాన్ని మేం పెనం అంటాం. ఈవిడ సీటు మీంచి లేవలేదు, తొందరపడలేదు, గానుగెద్దులా అదే నడక. తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర ఫ్లోరిమోన్ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య తల. పొద్దున్న ఒట్టి కాఫీ తాగి వచ్చాడట, రొట్టెలావిడే కదా అని. వాల్కూర్ నవ్వడం మానేశాడు.

ఆవిడ దాటేసి వెళ్ళిపోవచ్చమ్మా. వెళ్ళమనే నేను లారీలోంచి కేకేశాను. సైకిల్ దిగింది. రొట్టె విరిచి వాడి చేతిలో పెట్టింది. "మీరు వెళ్ళండి" అన్నాడు వాడు, తలెత్తకుండా. "నువ్వు తినేదాకా కదల్ను. మా దారి మీద ఎవరూ ఆకలితో పడిపోలేదు, నువ్వు మొదలెట్టకు" అంది. తిన్నాడు. లేచాడు. "ఇప్పుడు నా వెనకే రా. నేను కూర్చుంటే కూర్చో, లేస్తే లే" అంది. అలాగే వచ్చాడు, బుద్ధిగా. ఆఖరి మలుపులో మాత్రం ఊపిరి తెచ్చుకుని పక్కకొచ్చాడు. అప్పుడు లేచిందమ్మా ఆవిడ సీటు మీంచి! ఆ రోజు మొత్తంలో మొదటిసారి. ఇనప సైకిల్ కీచుమని ఏడ్చింది. ఒక చక్రం ముందు, అంతే, ఒక్క చక్రం. పైన కాసుకుని ఉన్న మా ఊరి ముసలాళ్ళంతా డప్పులు విరగ్గొట్టేశారు.

ఫ్లోరిమోన్ దిగి, ఊపిరి అందాక, నేరుగా వాల్కూర్ దగ్గరికి వచ్చాడు. "వచ్చే ఏడు రేసు ఇటు రాకపోతే నేను నంబరు కట్టుకోనయ్యా" అన్నాడు. అంతే అన్నాడు. మొనగాడు లేని రేసు ఎవడు చూస్తాడు? ఈస్టరుకి వంతెన కట్టేశారు. జూన్‌కి తారు. మా సంతకాల కాగితం ఏమైందో నాకిప్పటికీ తెలీదు, నేనడగలేదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. రేసు రోజు కింద పోలీసాయన తాడు కట్టాడు. "ఈ పూట దారి మూసేశాం" అన్నాడు. హెర్మాన్స్ బుట్టతో నిలబడింది. "రేసువాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు?" అని అడిగింది. ఇరవై ఐదు నిమిషాలన్నాడు. పైకొచ్చేసరికి ఆ సైకిళ్ళవాళ్ళు ఆకలి మీదుంటారని చెప్పి తాడు కిందనుంచి దూరి పోయింది, వాడు నోరు తెరిచేలోపల. ఇక్కడ దీవి దీవంతా వచ్చి ఉంది, రోడ్డుకి రెండు వైపులా జనం, మొదటివాడెవడా అని మెడలు సాచి చూస్తున్నారు. మలుపులోంచి టోపీ కనపడింది. తర్వాత బుట్ట. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లేచిందమ్మా కేక, కొండ కదిలిపోయింది. సంతకం పెట్టిన చెయ్యే ఇది, దీంతోనే టోపీ గాల్లోకి విసిరాను, మళ్ళీ దొరకలేదు. తెల్లగీత దాటింది, సైకిల్ స్టాండు వేసింది, రొట్టెలు అమ్మడం మొదలెట్టింది. బుట్ట ఖాళీ అయ్యాక వచ్చాడు ఫ్లోరిమోన్, అందరికంటే ముందు, ఒంటినిండా బురద. దండ వెయ్యబోతున్న వాల్కూర్‌ని పక్కకి నెట్టి ఆవిడ దగ్గరికే వచ్చాడు. "అక్కా, ఒక్క రొట్టె ఉందా?"

"అయిపోయాయి నాయనా" అంది. "ఇంత ఆలస్యంగా వస్తే ఎలా?"

...ఆఁ? ఏం లేదమ్మా. కాస్త ఆగు. ఏం లేదన్నాగా.

అదుగో, కొండ మీంచి వాన దిగుతోంది. ఇంక బయల్దేరు.