వరస తప్పింది

స్కాన్ బొమ్మల లెక్కలు చూసే అమ్మాయి గది. ఎదురుగా పుస్తకాలు కుట్టే బైండరు. స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్న అతని భార్య పోయి ఐదు నెలలు.

“కూర్చోండి బాబాయ్ గారూ.”

“వరసలు కలపకు. నిలబడే వింటాను. తప్పు జరిగిందన్నావు ఫోన్లో. ఏం తప్పు?”

“తప్పంటే... చిన్న సర్దుబాటండీ. మెదడు బొమ్మని మెషీను ఒక్కసారిగా తియ్యదు. పొరలు పొరలుగా తీస్తుంది. ముప్ఫై ఆరు పొరలు, మూడు సెకన్లలో.”

“ఊఁ.”

“అంటే ఒక్కో పొర ఒక్కో క్షణానిది. ఏది ఎప్పుడు తీసిందో చెప్తే కంప్యూటరు అన్నింటినీ ఒకే వేళకి సర్దుతుంది. ఆ వరస...”

“ఆ వరస?”

“ఒకటి, రెండు, మూడు అని ఇచ్చాం. మెషీనేమో బేసి పొరలన్నీ ముందు తీసి, సరి పొరలు తర్వాత...”

“ఆగు. బేసి పేజీలు ముందు, సరి పేజీలు తర్వాత పేర్చిన కట్టని వరస చూడకుండా కుట్టేశారు. అంతేనా?”

“...అంతేనండీ.”

“నా దగ్గర పనివాడు అలా కుడితే విప్పించి మళ్ళీ కుట్టిస్తాను. మనిషిని ఎలా విప్పుతావు?”

“ఆ రిపోర్టు ఒక్కటే కాదండీ, మిగతా పరీక్షలు కూడా...”

“నాకు చూపించింది ఆ ఒక్కటే. నా మాట తనకి చేరడం లేదన్నారు. ఊపిరి గొట్టం తియ్యమని సంతకం పెట్టాను. వరస ఇచ్చింది ఎవరు?”

“...నేనే.”

“మనుషులతో వరస కలపడం వచ్చు, పొరలతో రాదు. సరిచేశావా?”

“నిన్న చేశాను. కాస్త మంచినీళ్ళు...”

“చెప్పు.”

“మీ గొంతు రికార్డు చేసి మెషీన్లో ఆవిడకి వినిపించాం కదా. ‘చెయ్యి ఊపుతున్నట్టు అనుకోవే’ అని. కాసేపాగి, ‘ఇక ఊరుకో’ అని. ఎనిమిదిసార్లు.”

“తెలుసు. వాగింది నేనే.”

“ఏడుసార్లు... మీరు అనుకోమన్నప్పుడల్లా మెదడులో చెయ్యి కదిపించే చోటు వెలిగింది. ఊరుకోమంటే ఆరింది.”

“...వింది.”

“విన్నారండీ.”

“ఎనిమిదోసారి?”

“వద్దులెండి బాబాయ్ గారూ.”

“ఎనిమిదోసారి వినలేదా?”

“విన్నారు. మీరు ఊరుకోమన్నా ఊరుకోలేదు. మెషీను ఆపేదాకా ఊపుతూనే ఉన్నారు.”