గది నిండా ఆ పిలుపు

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఆ రోజు ఆఖరి క్లాసు అయిపోయింది. కొండల నుంచి వచ్చిన ఆ అమ్మాయి మాత్రం క్లాసులో చదివిన నవలను రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది. పాఠం చెప్పిన మేడమ్ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"బాగానే ఉంది మేడమ్. ఈ పుస్తకమే వదలబుద్ధి కావట్లేదు."

"అంత నచ్చిందా నవల?"

"ఎదిగే పిల్లల కథే కదా, ఏముంటుందిలే అని తెరిచాను. రాసినావిడ మా కొండావిడే! అందులో పిల్ల వాళ్లమ్మని మా భాషలోనే పిలుస్తుంది. ఆ పిలుపు అచ్చులో చూడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు."

"అందుకేనా, ఎన్నడూ నోరు విప్పనిదానివి ఇవాళ చదువుతానని లేచావు?"

"లేచానే గానీ భయంగానే ఉంది. చిన్నప్పుడు బళ్లో ఆ మాట నోరు జారితే బెంచీ ఎక్కించేవాళ్లు. ఇక్కడా నవ్వుతారనుకున్నా."

"ఎవరూ నవ్వలేదుగా."

"నవ్వకపోవడమే కాదు మేడమ్! ఇంటి భాష బడి గేటు దగ్గరే వదిలెయ్యాలని వాదించేవాడే, ఆ వెనక బెంచీ అతను, లేచి ఏమన్నాడు? 'ఇంకోసారి చెప్పవా, రేపు నా క్లాసులో ఇలాంటి పిల్ల ఉంటే నేను సరిగ్గా పలకాలి' అన్నాడు. ఆ తర్వాత అందరూ పలికారు. మా అమ్మని నేను పిలిచే పిలుపు మేడమ్, గది దద్దరిల్లేలా!"

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పోయిన వారం ట్రైనింగ్ మానేస్తానన్నావు..."

"అన్నాను. కానీ ఈ పుస్తకం మా ఊరి పిల్లలకి ఇంకెవరైనా ముందు చదివి వినిపిస్తే ఊరుకోను మేడమ్. నేనే చదవాలి."