లాయరమ్మ కొట్టేసిన మాటలు

1990 జులై 9వ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు నీటి సరఫరా కార్యాలయపు మూడో అంతస్తులోని డ్రాయింగు విభాగంలో సహాయ డ్రాఫ్ట్స్‌మన్‌గా ప్రవేశించి, ముప్పై అయిదేళ్ళ పైచిలుకు సేవానంతరం ఈ నెలాఖరున ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్‌గా పదవీ విరమణ చేయనున్న మా ‘స్కేలు గారి’ని ఈ సన్మాన సంచికలో అభినందించే భాగ్యం, ఇరవై రెండేళ్ళుగా వారి పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న నాకు దక్కింది. భాగ్యమని మర్యాదకు అన్నాను. నిజానికి ఈ వ్యాసం నా ప్రాణం తోడేసింది.

తొలి పన్నెండేళ్ళూ వారు వీధివీధీ కాలినడకన తిరిగి పైపులైన్లను చేతితో గీశారు. వారు చూపిన చోట తవ్వితే పైపు దొరకకపోవడమన్నది లేదు. నా ఉత్తరాల మార్జిన్లను సైతం స్కేలుతో కొలిచి, సరిగా లేవని వెనక్కి పంపిన ఘనత కూడా వారిదే.

ఆరేళ్ళ క్రితం ఆఫీసుకు వస్తుండగా, ఎర్రలైటును లెక్కచేయకుండా దూసుకొచ్చిన కారొకటి వారి కారు తలుపును గుద్ది, కుడి మోకాలిని నుజ్జు చేసింది. నాలుగు నెలలకే వారు తిరిగి విధుల్లో చేరి, లాయరమ్మ ద్వారా నష్టపరిహారానికి కేసు వేశారు. డాక్టర్లు తప్పదన్న మోకాలి కీలు మార్పిడి ఆ పరిహారం వస్తేనే జరుగుతుంది. అవతలి బీమా సంస్థవారు ఎక్స్‌రే ఇస్తే కొత్తది అడిగారు, కొత్తది ఇస్తే పాతదేదన్నారు. వాయిదాలకు తిరిగి తిరిగి మా అందరికీ విసుగొచ్చింది, వారికి తప్ప.

ఇక నా నిర్వాకం. రెండేళ్ళ క్రితం వారికిచ్చిన ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రంలో, ‘ప్రమాదానంతరం ద్విగుణీకృతోత్సాహంతో, అవిశ్రాంతంగా, యువకులకు దీటుగా’ అని రాసింది నేనే. బీమావారి వకీలు దాన్ని సంపాదించి కోర్టులో గట్టిగా చదివి, “ఇంత హుషారైన మనిషికి కొత్త మోకాలెందుకండీ?” అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకే ఈ వ్యాసం ముందుగా లాయరమ్మ బల్ల మీదికి వెళ్ళింది. ఆమె ఎర్ర కలం తీశారు.

“సార్, మీరు ఆయన్ని పొగుడుతున్నారా, నా కేసుకి గొయ్యి తవ్వుతున్నారా?”

“సన్మాన వ్యాసంలో మూలుగుతూ పనిచేశారని రాయమంటారా అమ్మా?”

“మూలిగారా?”

“ఏనాడూ మూలగలేదు. అదే కదా వచ్చిన చిక్కు.”

‘అవిశ్రాంతంగా’ పోయింది. ‘ఉత్సాహం’ పోయింది. చివరికి ‘ఆయురారోగ్యాల’లో ఆరోగ్యం కూడా పోయింది. మిగిలింది పుట్టిన తేదీ, చేరిన తేదీ, ‘కాలనిష్ఠ’.

ఆ గాట్ల కాగితం పట్టుకొని విసుగ్గా వారింటికి వెళ్ళాను. వారు బజారుకు వెళ్ళారు. వారి శ్రీమతి అది చదివి, “కాలనిష్ఠ అని రాశారేంటి అన్నయ్యగారూ?” అన్నారు.

“రోజూ అందరికన్నా ముందే వస్తారు కదా, చెల్లెమ్మా.”

“మెట్లెక్కేటప్పుడు ఎవరూ చూడకూడదని వస్తారు. ఇంటికొచ్చాక బూట్లు నేనే విప్పాలి. మీరు ఇంకేం పొగడొద్దు, ఉన్నది రాయండి చాలు.”

మర్నాడు ఎనిమిదీ ముప్పావుకే ఆఫీసుకు వెళ్ళాను. రెండో అంతస్తు మలుపులో, కుడికాలు బారజాపుకొని, చెమటలు కక్కుతూ వారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

“ఇక్కడ కూర్చున్నారేంటండీ?”

“మెట్టు కొలుస్తున్నాను. ఎత్తు కాస్త ఎక్కువ కట్టినట్టున్నారు.”

వారి చేతిలో స్కేలు లేదు. ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చుని, ఈ ఆరేళ్ళూ ఏమీ చూడని నా మీద నాకు అసహ్యం వేసింది.

కనుక సభాముఖంగా సవరించుకుంటున్నాను. మా స్కేలు గారు అవిశ్రాంతంగా పనిచేయలేదు. వంగని మోకాలితో, అంతస్తుకొకసారి మెట్టు మీద కూలబడి, ఆ సంగతి మాకెవరికీ తెలియనివ్వకుండా ఆరేళ్ళు పనిచేశారు. ఈ సంచికను ఏ పక్షంవారైనా కోర్టులో దాఖలు చేసుకోవచ్చు. వచ్చే వాయిదాకు నేనే బోనెక్కి ఈ మాట చెబుతాను.

లాయరమ్మ మన్నించాలి, ఆమె కొట్టేసిన ఒక్క మాటను మళ్ళీ రాస్తున్నాను. ఉన్నదాన్ని ఎవరూ కోరరు. లేదు కనుకనే, మా స్కేలు గారికి దీర్ఘాయువుతో పాటు ఆరోగ్యాన్ని కోరుతున్నాను.