తేదీ తెలియని బేరం

ఫిన్లాండులో కూహ్మో ఊరు, జూన్ నెల. ఆవిరిస్నానాల చెక్కగదిని, అదే సౌనాని, చక్రాల మీద కట్టి అద్దెకు తిప్పే యార్నోతో ముసలి తావెట్టి ఫోనులో మాట్లాడుతున్నాడు.

“నూట యాభై యూరోలా! బండి కొంటానన్లేదు బాబూ, అద్దెకడుగుతున్నా.”

“మామూలు రోజుకి అంతే తాతగారూ. శనివారమైతే రెండొందల ఇరవై. నడివేసవి పండక్కి రెట్టింపు. ఇంతకీ ఏ రోజు కావాలి?”

“కట్టెలు నీవేనా?”

“ఒక బస్తా నాది. పైన కావాలంటే బస్తాకి పన్నెండు. ఏ రోజని అడిగాను.”

“ఒక బస్తా చాలు. ఎక్కువ వేడి అక్కర్లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే సరి.”

“గోరువెచ్చగానా! సౌనా పరువు తీయకండి. ఎంతమంది?”

“ముగ్గురు. ఇద్దరు మా కూతుళ్లు. ఇంకొకరు పడుకుంటారు. లోపల బల్ల ఎంత పొడవు?”

“రెండు మీటర్లు. ఒకరు పడుకుంటే మిగతావాళ్లు ఎక్కడ కూర్చుంటారు?”

“కూర్చోరు. తలుపు వెడల్పెంత? ఇద్దరు కలిసి ఒక మనిషిని మోసుకొచ్చేంత ఉందా?”

“తాగి పడిపోయేవాళ్లకి నా బండి ఇవ్వను, ముందే చెప్తున్నా. పోయిన వేసవిలో ఎవరో తలుపు ఊడబెరికారు. శుభ్రం చెయ్యడానికి అరవై విడిగా.”

“అతను తాగడు బాబూ. మానేసి చాలా ఏళ్లయింది. శుభ్రం మా అమ్మాయిలే చేస్తారు. అది తగ్గించు.”

“సరే, తగ్గించా. తేదీ చెప్పండి.”

“ఈ వారం కావచ్చు. పైవారం కావచ్చు. డాక్టరమ్మే చెప్పలేనంది.”

“డాక్టరమ్మా... అరే, పురుడా? మా అమ్మమ్మ కూడా సౌనాలోనే పుట్టిందట!”

“పుట్టడానికి కాదు. ఆ రెండో పనికి.”

“... కడసారి స్నానానికా?”

“మా అమ్మనీ నాన్ననీ మా సౌనాలోనే కడిగాం. పొలంతోపాటు అదీ అమ్మేశాను. ఇప్పుడుండే ఫ్లాట్లో మోచెయ్యి ఆడని బాత్రూము. పోయినేడు మా ఆవిడని ఆస్పత్రిలో ముక్కూమొహం తెలియనివాళ్లు కడిగారు. నేను వరండాలో టోపీ పట్టుకుని నిలబడ్డాను. ఏమీ చెయ్యలేకపోయాను. ఆ బాధ మా పిల్లలకొద్దు.”

“తేదీ లేకుండా బండి ఎలా ఆపను? పండగ వారమంతా ఇచ్చేశాను. నా చేతిలో ఏం లేదు తాతగారూ.”

“నా చేతిలో మాత్రం ఉందా? డబ్బు ఇప్పుడే కడతాను. శనివారం రేటే వేసుకో. కడిగాక పిల్లలు మిగిలిన కట్టెలతో గది బాగా వేడి చేసుకుని వాళ్లూ స్నానం చేస్తారు. ఒక రోజు అద్దె దండగ కాకూడదు కదా.”

“... పెరట్లో పాత బండొకటుంది. చక్రం మార్చి అట్టేపెడతాను. ఎవరికి తాతగారూ, మీ అన్నయ్యకా?”

“దగ్గరివాడే.”

“అయితే ఆ రోజు ఒక్క ఫోన్ చెయ్యండి. ఏ వేళైనా లాక్కొస్తాను.”

“మా పెద్దమ్మాయి చేస్తుంది. తూయిరె దాని పేరు.”

“మీరే చెయ్యొచ్చుగా? మీ గొంతైతే ఇట్టే గుర్తుపడతాను.”

“నేనెలా చేస్తాను బాబూ? బల్ల మీద పడుకునేది నేనే.”