నాకు సి షిఫ్ట్ ఇవ్వలేదు

"అమ్మమ్మా, నువ్వు కాలేజీ మానేసిన సంగతి చెప్పవా?"

మానీలేదే నేను. ముందు ఆ మాట మార్చు. ఫోన్లో రికార్డింగ్ పెట్టేవా? పెట్టేవు కదా, అయితే అందులో ఇదే ముందు పడాలి. కాలేజీ మానేద్దామని నేనెప్పుడూ అనుకోలేదు. మీ అమ్మక్కూడా తెల్దిది. మా అమ్మ చదువు మానీసి ప్లాంట్‌లో చేరింది, ఇల్లు నిలబెట్టింది అనీసి అందరికీ చెప్తాది. గొప్పగానే చెప్తాదిలే, కాదన్ను. కానీ అలగ కాదు జరిగింది.

ఆ లాల్ భాజీ కట్ట ఇటు పడీ, ఆకు తుంపుకుంటూ చెప్తాను. చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు.

మా నాన్న, అంటే మీ ముత్తాత, ఆయన్ని నువ్వూ చూళ్ళేదు, మీ అమ్మా చూళ్ళేదు. మాది విజయనగరం దగ్గర. భిలాయిలో ఉక్కు ప్లాంట్ కొత్తగా లేస్తున్న రోజుల్లో ఇక్కడికొచ్చీసేడు. రైల్ మిల్లులో పని, సెక్టర్ 4లో క్వార్టర్. రెండు గదులు, వెనకాల జామచెట్టు... కాదు కాదు, జామచెట్టు తరవాత వేసుకున్నాం, అప్పటికి ములగచెట్టుండీది. ఇటుపక్క బెంగాలీవాళ్ళు, ఎదురుగా మలయాళీవాళ్ళు. నేను ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. ఇప్పుడు మీరు గడప లోపల కూడా హిందీయేలే.

మాకప్పుడు వారమంటే ఏటనుకున్నావు? ఏ వారం, బి వారం, సి వారం. ఏ షిఫ్ట్ పొద్దున్న ఆరింటికెక్కి మధ్యాహ్నం రెండింటికి దిగడం. బి అంటే రెండు నుంచి రాత్రి పది. సి అంటే రాత్రి పది నుంచి తెల్లారి ఆరు. వారానికొకటి మారుతూ ఉంటాది. సినిమాకెళ్ళాలన్నా, పిల్లకి చెవులు కుట్టించాలన్నా, చుట్టం వస్తానన్నా, నాన్నకి ఏ షిఫ్టు అన్నదే మొదటి ప్రశ్న. బి వారం మధ్యాహ్నం దాకా, సి వారం పగలంతా నాన్న ఇంట్లోనే ఉండీవాడు. వీధిలో అందరి నాన్నలూ అంతే. ఉద్యోగమంటే ఇలగే ఉంటాది కామోసు అనుకుంటూ పెరిగేను. ఇది మాత్రం బాగా విను, నా సంగతంతా దీనిమీదే ఉంది.

అప్పటికి నేను బి.ఎస్సీ. రెండో ఏడు. గర్ల్స్ కాలేజీ. మాది పొద్దుటి కాలేజీ, ఏడున్నర నుంచి ఒంటిగంట దాకా. అందరం సైకిళ్ళ మీదే పోయీవాళ్ళం, చున్నీ చక్రంలో పడకుండా నడుముకి చుట్టీసుకుని. కాంటీన్లో సమోసా పదిహేను పైసలు. ఇరవయ్యేమో... పదిహేనే, పదిహేనే. ఇద్దరం కలిసి ఒకటి కొనుక్కునీవాళ్ళం, చట్నీ మాత్రం ఇద్దరికీ వేరేవేరే పోయించుకునీవాళ్ళం.

ఫిజిక్స్ మేడమ్ ఒకావిడుండీది, బెంగాలీ ఆవిడ. గట్టిగా మాటాడీదే కాదు. నిద్రపోతే సుద్దముక్క విసిరీది, తగిలీది కూడా. లాబ్‌లో ఆవిడ ట్యూనింగ్ ఫోర్కుని రబ్బరుకేసి కొట్టి, నీళ్ళు పోసిన గాజు గొట్టం మీద పట్టుకునీది. గొట్టంలో నీళ్ళు దించుతూ ఉంటే ఏమీ వినపడదు, వినపడదు, ఒక్కచోటికి రాగానే గొట్టమంతా హోరుమని మోగీది. అప్పుడు మేమెవరం ఊపిరి తీసీవాళ్ళం కాదు. మీకూ ఉందా ఆ ప్రాక్టికల్? ఇప్పుడు కంప్యూటర్లో చూపిస్తారేమో. నాకు మాత్రం ఆ హోరు ఇప్పటికీ వినపడతాది.

ఆ వానాకాలం నాన్నకి కామెర్లొచ్చేయి. వచ్చి ముదిరిపోనాయి. ఆస్పత్రిలో బాగానే చూసేరు, ఆయనే నిలవలేదు. పెద్దకార్యం అయ్యాక నాన్నతో పనిచేసిన ఒకాయన వచ్చి, ఇంట్లో ఒకళ్ళకి ఉద్యోగమిస్తారమ్మా, ఎవరి పేరు రాస్తారు అనీసి అడిగేడు. ఎవరున్నారు రాయడానికి? తమ్ముడు ఎనిమిదో క్లాసు, చెల్లి ఇంకా చిన్నది. అమ్మకి అక్షరం రాదు, పైగా అప్పటికే మోకాళ్ళు పట్టీసేయి. ఎవరూ చేరకపోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాల. ఊరెళ్దామంటే అక్కడ మాకు సెంటు భూమి లేదు.

అమ్మ నన్ను చేరమన్లేదు. అది కూడా రికార్డు అవనీ. నాలుగిళ్ళల్లో వంట చేసైనా నీ చదువు అవగొడతానంది. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ అంది ఆ మాట. నేనే నవ్వేను. నవ్వి, ఇంత తేలిక సంగతికి ఏడుస్తావేటమ్మా అన్నాను.

"నాన్నకున్నట్టే నాకూ ఉంటాది కదా. బి వారం కాలేజీ నుంచి తిన్నగా ప్లాంట్‌కెళ్తాను. సి వారం ప్లాంట్ నుంచి తిన్నగా కాలేజీకెళ్తాను. ఏ వారం ఒక్కటే పోతాది."

ఆడపిల్లవి రాత్రిపూట ఎలగెళ్తావే అంది. నాన్న సైకిలుంది కదా అన్నాను. అమ్మ కాసేపు లెక్క వేసుకుంది, వేళ్ళమీద. సరిపోయింది. ఎందుకు సరిపోదు? మా ఇద్దరికీ తెలిసిన ఉద్యోగం నాన్నదొక్కటే. మేడమ్‌కి చెప్తే ఆవిడా సరేనంది, ఏ వారం పాఠాలు ఆదివారం మా ఇంటికొచ్చి చెప్పించుకో అంది. ఆవిడకేటి తెలుసు ప్లాంట్ సంగతి. చదువూ ఉంటాది, క్వార్టరూ ఉంటాది. మతలబ్, నేను దేన్నీ వదల్లేదే. రెండూ చంకలో పెట్టుకునే గేటు లోపలికెళ్ళేను.

మొదటిరోజు టైమ్ ఆఫీసులో ఒక ముసలాయన కూర్చున్నాడు. కళ్ళజోడు దారంతో కట్టుకున్నాడు. మంచాయన. నాన్న పేరు చెప్పగానే కుర్చీ వేయించేడు. నాకు ముందు బి వారం వస్తాదా సి వారం వస్తాదా అనడిగేను. ఆయన నవ్వేడు.

"అరే బేటీ, లేడీస్‌కి జనరల్ షిఫ్ట్ ఒక్కటే. రాత్రి ఆడవాళ్ళని పెట్టకూడదు, కానూన్ హై."

జనరల్ అంటే పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు. రోజూ అదే. వారాలు మారవు. మరి ఎప్పుడు మారుతాదండీ అన్నాను. రిటైరయ్యేదాకా ఇదే బేటీ, ఆరామ్‌గా ఉండు, ఈ షిఫ్ట్ కోసరం మగవాళ్ళు నా చుట్టూ తిరుగుతారు అన్నాడు. మంచి కబురు చెప్పేననుకుని మిఠాయి పెట్టినట్టు మొహం పెట్టుకుని చూస్తున్నాడు. నేను ధన్యవాద్ అన్నాను. ఇంకేటంటాను?

వెనక్కొచ్చీచ్చు కదా అంటావు. నీ మొహం చూస్తేనే తెలుస్తంది, వాదానికి దిగీలా ఉన్నావు. వెనక్కి ఎక్కడికొస్తాను? క్వార్టర్‌కే కదా. అది నేను ఆ గేటు లోపల ఉంటేనే ఉంటాది.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే ఉంది. ఏ షిఫ్టే అంది. జనరల్ అన్నాను. హమ్మయ్య రాత్రిళ్ళు లేవు కదా అనీసి లోపలికెళ్ళి కంచం పెట్టింది. అన్నం వడ్డిస్తా, గరిట ఆపీసింది.

"మరి కాలేజో?"

"అన్నం పెట్టమ్మా."

అంతే. ఇంక ఆ ఇంట్లో కాలేజీ అన్న మాట ఎవరం ఎత్తలేదు. కాలేజీ మానేసిన రోజేది అంటే ఏది చెప్పను నీకు?

పని ఇటికెలది. మామూలు ఇటికెలు కావు, ఫర్నేసు లోపల పేర్చేవి, వేడికి కరగనివి. పగులున్నది లోపలికెళ్ళిపోకూడదు కదా, అందుకని ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో కొట్టి వినాలి. మంచిదైతే గంటలా మోగుతాది. పగులుంటే, కంటికి కనపడకపోయినా, మొద్దుగా చప్పుడవుతాది. మొదటి ఇటికె మోగినప్పుడు నేను సుత్తి దించకుండా అలగే నిలబడిపోయేను. అది మోగడం ఆగేదాకా విన్నాను. పక్కన ఫూల్‌బాయి అనీసి ఛత్తీస్‌గఢీ ఆవిడుండీది, నాకంటే పెద్దది, నోరు పెద్దది.

"కా సునథస్ ఓ కాలేజ్‌వాలీ? ఈంటా గోఠియావత్ హే కా?"

ఏటి వింటన్నావే, ఇటికె నీతో కబుర్లాడుతుందా అని. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆ రోజునుంచి నా పేరు కాలేజ్‌వాలీయే అయిపోనాది. రిటైరయినప్పుడు దండ వేసి కూడా అదే పేరుతో పిలిచేరు. కాలేజీ లేదు, పేరు మాత్రం ఉండిపోనాది.

జీతం మంచిదే, అబద్ధమాడకూడదు. తమ్ముడు పాలిటెక్నిక్ చదివేడు, చెల్లి టీచరైంది, అమ్మ కాలు మీద కాలేసుకుని బతికింది. పని నాకు చేదుకాలేదు. ఫూల్‌బాయి ఇంటి ఠేఠ్రీ, అదే వాళ్ళ శెనగపిండి జంతిక, తిని తిని నా పళ్ళు గట్టిపడ్డాయి. దాని గురించి కాదే నేను చెప్తన్నది.

నేను చెప్తన్నది ఆ రోడ్డు గురించి. మా కాలేజీ ఏడున్నరకి అన్నాను కదా. పిల్లలు ఏడింటికి బయల్దేరీవారు, నేను ప్లాంట్‌కి బయల్దేరేదీ అప్పుడే. రోజూ ఆ పిల్లల సైకిళ్ళ మధ్యనే నా సైకిలూ. కబుర్లు చెప్పుకుంటూనే వెళ్ళీవాళ్ళం. కాలేజీ మలుపు దగ్గర వాళ్ళందరూ బెల్లులు కొట్టుకుంటూ తిరిగిపోయీవారు, నాది సూటిగా పోయీది. ఒక్కోసారి నా హేండిలు కూడా దానంతటదే తిరిగిపోయీది. నవ్వకు, నిజం. ఇంక భరించలేక కొన్నాళ్ళు చుట్టు తిరిగి వేరే రోడ్డులో వెళ్ళేను. అటెళ్తే ఇంకా ఘోరం. ఇవాళ ఎవరెవరొచ్చేరో, మేడమ్ ఏ చీర కట్టిందో అనీసి రోజంతా అదే ధ్యాస. మళ్ళీ పాత రోడ్డుకే వచ్చీసేను. వచ్చే జూన్‌కి నీ సీటుంచుతానంది మేడమ్ గేటు దగ్గర నా సైకిలు ఆపి. జూన్ వచ్చింది. తమ్ముడు తొమ్మిదిలోకొచ్చేడు. బి.ఎ. అయితే ప్రైవేటుగా కట్టీదాన్ని, సైన్సు కదా, లాబ్‌కి మనిషి వెళ్ళాల.

తరవాత నా జతవాళ్ళు ఆ మలుపు తిరగడం మానేసేరు, చదువైపోయింది కదా వాళ్ళకి. కొత్తపిల్లలు తిరిగీవారు. నేను చూస్తూనే ఉండీదాన్ని.

ఇప్పుడు ఎందుకు చెప్తన్నానంటే, మొన్న వంటింట్లో మీ అమ్మతో నువ్వన్న మాట విన్నాను. ఆ వెల్డింగ్ ఉద్యోగానికి సెలెక్టయ్యేను, మా గెస్ట్ లెక్చరర్‌కి వచ్చేదానికంటే ఎక్కువిస్తారు, షిఫ్టులు మారుతాయి, బి వారం సి వారం కాలేజీకెళ్తాను అన్నావు. నా చేతిలో గ్లాసు కింద పెట్టీసేను. అమ్మకి నేను చెప్పిన మాటే, అచ్చం అదే మాట. మా అమ్మ వేళ్ళు కూడా కనపడ్డాయి నాకు.

ఒకటి చెప్పనా, నాకు కుళ్ళొచ్చిందే నీ మీద. నీకు సి షిఫ్ట్ ఇస్తారట. వేను పంపించి మరీ ఇంటికి దింపుతారట. దానికోసరం నేనెంత... ఏ మగవాడూ కోరుకోని షిఫ్టు, అది ఒక్క ఏడాది ఇచ్చుంటే.

"అయితే చేరమంటావా, అమ్మమ్మా?"

ఆగు. నాన్న పగలు ఇంట్లో ఉండీవాడు అన్నాను కదా. ఉండీవాడు. కళ్ళమీద తడితువ్వాలు వేసుకుని పడుకుని ఉండీవాడు. ఆ పక్కగదిలో మేం కేరమ్స్ ఆడితే స్ట్రైకర్ని కొట్టీవాళ్ళం కాదు, వేలితో తోసీవాళ్ళం, చప్పుడవుతాదని. అమ్మ ఇనపమూకుడు కింద గుడ్డ పరిచీది. ఇంత తెలిసీ నేను ఆ పగళ్ళని ఖాళీ అనుకున్నాను. ఖాళీ అని నేను లెక్కేసుకున్నవన్నీ ఆయన నిద్రలే. పెళ్ళయ్యాక, మీ తాతకి సి వారాలు పడ్డప్పుడు ఆయన మొహం చూసి, అప్పుడు తెలిసింది నాకు.

చేరమన్ను, వద్దన్ను. సంతకం పెట్టకముందు వెళ్ళి అడుగు. ఉద్యోగమిచ్చేవాణ్ణి కాదు, వాడు అన్నీ ఆరామ్ అంటాడు. ఆ పని ఇప్పుడు చేస్తున్న పిల్లనెవర్నైనా పట్టుకో. సి వారంలో ఎన్నింటికి పడుకుంటావే, ఎన్నింటికి లేస్తావే, మధ్యలో ఇంకేమైనా చెయ్యగలవా అనడుగు. అప్పుడు నీ కాలేజీలో హాజరు సంగతి అడుగు. రెండూ విని, అప్పుడు నువ్వు ఏది పట్టుకున్నా, ఏది వదిలినా, వదిలేనని తెలిసి వదులు. నాకు ఆ పాటి కూడా దక్కలేదు.

క్లాసులో నిద్రపోయీదానివి అమ్మమ్మా అంటావు. పోతే పోదునే. ఆ బెంచీ మీదే నిద్రపోదును. సుద్దముక్క తగిలితే లేచి కూర్చుందును...

ఇలగ రా. తల వంచు. చేతికి ఆకు అంటుకుందిలే, ఫరవాలేదు. నీ పగళ్ళు నీకు మిగలాలి తల్లీ. నీ నిద్రా నీకు మిగలాలి. ఇంకేటి దీవించను.

రేపు క్లాసెన్నింటికి నీకు? ఏడున్నరకేనా? బేగి పడుకో అయితే. అలారం పెట్టకు, నేను లేపుతాలే. ఆ వేళకి నాకెలాగూ మెలకువ వచ్చీస్తాది, రోజూ...