మంగళవారం నాలుగు గంటలు

వంతెనలకు నక్షలు గీసే ఆఫీసులో ఒక శుక్రవారం సాయంత్రం. ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో చూసుకునే ఉద్యోగి బల్ల ముందు, రెండు నెలల క్రితం చనిపోయిన డ్రాఫ్ట్స్‌మన్ భార్య ఆయన ఫోను పట్టుకుని కూర్చుని ఉంది.

"ఇదిగో, మళ్ళీ వచ్చింది. మీ ఎదురుగానే."

"ఇలా ఇవ్వండమ్మా. ఆపేస్తాను."

"శుక్రవారం నాలుగింటికి ఒకటి. శనివారం పొద్దున ఇంకొకటి. ‘మీ టైమ్‌షీట్ ఇంకా పంపలేదు’ అని. పోయిన శనివారం మా అమ్మాయి చూసి, ఏమీ అనకుండా ఫోను బోర్లా పెట్టి స్నానానికి వెళ్ళిపోయింది. గంటసేపు బయటికి రాలేదు."

"తప్పు మాదేనమ్మా. ఆయన చూస్తున్న వంతెన పని ఇంకా ముగియలేదు. ముగిసేదాకా పేర్లు తియ్యొద్దన్నారు పైవాళ్ళు. పేరుంటే సాఫ్ట్‌వేర్ అడుగుతూనే ఉంటుంది. ఆపేశాను, ఇక రాదు. తీసుకోండి ఫోను."

"అంతేనా?"

"అంతేనమ్మా. ఈ మాత్రానికి ఇంత దూరం వచ్చారు. ఫోన్ చేసి చెప్పినా సరిపోయేది."

"ఆయన ఉన్నప్పుడు ఎప్పుడూ రాలేదు."

"ఏంటమ్మా?"

"ఈ గుర్తుచేసేవి. శనివారం పొద్దున ఆయన ఫోను వంటింటి గట్టు మీదే ఉండేది, నా చేతికి అందేంత దూరంలో. ఒక్కనాడూ మోగలేదు. ఆయన పోయాక మొదలైంది."

"అది... ఆయన టైముకి నింపేసేవారు కదా. నింపినవాళ్ళకి రావు."

"మరి ఇందులో పాత తారీఖులున్నాయే. చూడండి. ‘మంగళవారం, నాలుగు గంటలు సెలవు, కారణం రాయలేదు.’ ఒకటి కాదు. పదకొండు మంగళవారాలు."

"సాఫ్ట్‌వేర్ తిక్కమ్మా అది. పోయిన నెల కొత్తది పెట్టారు. అప్పట్నుంచి ఏదేదో అడుగుతోంది అందరినీ."

"పదకొండుసార్లూ తిక్కేనా?"

"ఒకసారి తప్పిందంటే ఇక అలాగే పోతుంది."

"మంగళవారం ఆయన సైటుకెళ్ళేవారు. రాత్రి వచ్చి, ఎండకి ఒళ్ళు బడలిపోయింది అని పడుకునేవారు."

"అవునవును. సైటే. మంగళవారం సైటే."

"సైటుకెళ్తే సెలవని ఎందుకుంటుంది?"

"మంచినీళ్ళు తాగుతారా?"

"ఇందాకే ఇచ్చారుగా."

"టీ చెప్పమంటారా పోనీ..."

"వద్దు."

"ఒక్క నిమిషమమ్మా, ఫోను... ఆఁ, చెప్పండి సార్. లేదు, ఇంకా ఆరుగురు నింపలేదు. పంపాను సార్, రెండోసారి కూడా పంపాను. ఇప్పుడు కాదు సార్, మనుషులున్నారు. తర్వాత చేస్తాను... ఏమనుకోకండమ్మా. శుక్రవారం వచ్చిందంటే నా ప్రాణం తీస్తారు. అందరూ నన్ను తిట్టుకుంటారు, నేను వీళ్ళను తిట్టుకుంటాను."

"కింద కూర్చునే అమ్మాయి చెప్పింది. ‘గంటలాయన దగ్గరికెళ్ళండి’ అంది."

"అదే నా పేరిక్కడ. మావాళ్ళు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. మీవారినీ వదల్లేదు. స్కేలుగారు అనేవాళ్ళం. ఎప్పుడు చూసినా చొక్కా జేబులో స్టీలు స్కేలు."

"ఇంట్లోనూ అంతే. గోడకి మేకు కొట్టాలన్నా మూడుసార్లు కొలిచేవారు. ఈలోపు నేను కొట్టేసేదాన్ని."

"చెప్పేవారమ్మా. మా ఆవిడ కొట్టిన మేకే సరిగ్గా ఉంటుంది అనేవారు."

"ఎప్పుడు చెప్పేవారు?"

"ఎప్పుడంటే... మామూలుగా. మాటల్లో."

"ఆయన ఆఫీసులో ఇంటి మాటెత్తే మనిషి కాదు. పాతికేళ్ళు కాపురం చేశాను బాబూ. మంగళవారాలు చెప్పు."

"ఆపింది నేనేనమ్మా."

"ఏది?"

"ఆ గుర్తుచేసేవి ఆయన ఫోనుకి వెళ్ళకుండా. సగం రోజు సెలవు పెట్టి కారణం దగ్గర ఖాళీగా వదిలేసేవారు. ఖాళీగా ఉంటే అది ఊరుకోదు. ‘శనివారం ఫోను మా ఆవిడ దగ్గరుంటుంది, నా ఒక్కడికీ ఆపగలవా’ అని అడిగారు. అలా ఒక్కరికి ఆపకూడదు. ఆపాను. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఆ సెట్టింగులన్నీ కొట్టుకుపోయాయి. అప్పటికి ఆయన లేరు కదా, ఇంకెవరు చూస్తారులే అని నేను పట్టించుకోలేదు."

"నేను చూస్తానని ఎందుకంత భయం?"

"అడక్కండమ్మా."

"అడగడానికేగా వచ్చాను."

"ఆస్పత్రికి వెళ్ళేవారు. చివర్లో పడిపోయాక మీకు తెలిసింది కానీ, ఆయనకి అయిదు నెలల ముందే తెలుసు. మంగళవారం మధ్యాహ్నం చేతికి సూది పెట్టి మందెక్కించేవాళ్ళు. నాలుగు గంటలు పట్టేది. వింటున్నారా అమ్మా?"

"వింటున్నాను. చెప్పు."

"నేను చాలాసార్లు అన్నాను, ఇంట్లో చెప్పండి అని. వినలేదు. ‘వాళ్ళమ్మకి ఇదే జబ్బొస్తే మా ఆవిడ రెండేళ్ళు మోసింది. ఇప్పుడిప్పుడే కాస్త నవ్వుతోంది. ఉన్నన్నాళ్ళు నవ్వనీ’ అన్నారు."

"అలా అన్నారా?"

"అవే మాటలు."

"నొప్పి ఉండేదా, అప్పుడు?"

"మొదటి గంట ఉండేది. తర్వాత చలేసేది. దుప్పటి అడిగి కప్పేవాణ్ణి..."

"నువ్వా?"

"సెలవు నేనే ఒప్పుకోవాలి కదమ్మా. ఎందుకని అడిగాను. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. పళ్ళ డాక్టరు, ప్రతి మంగళవారం వెళ్ళాలన్నారు. వారంవారం ఏం పళ్ళండీ అన్నాను. అప్పుడు చెప్పారు. ఆ మంగళవారం నేనూ సగం రోజు పెట్టేసి వెంట వెళ్ళాను. ఇక అన్నిటికీ వెళ్ళాను."

"లోపల ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఎక్కువేం కాదు. పడుకునే, కిటికీ ఎంత వెడల్పో చెప్పు అనేవారు. నాకేం తెలుసు, నేను గంటలు చూసేవాణ్ణి. ఆయన చూసి, మూడడుగుల రెండంగుళాలు అన్నారు. ఆయన జేబులో స్కేలే తీసి కొలిచాను. అరంగుళం తేడా. వారమంతా అదే బాధ ఆయనకి. ఆ గోడే వంకరంటారు."

"ఒప్పుకోరు. ఎప్పుడూ ఒప్పుకోలేదు."

"ఇంకోసారి, మందు బొట్టుబొట్టుగా దిగుతుంటే చూస్తూ, ‘ఈ నాలుగు గంటలు ఏ పని కింద రాస్తావోయ్’ అని అడిగారు. నేను నవ్వలేకపోయాను. ఆయనే నవ్వారు."

"ఏడ్చేవారా?"

"ఒక్కసారి. ఆఖరిదానికి ముందు వారం. ‘ఇంటికెళ్ళగానే సైటు ఎలా ఉందని అడుగుతుంది. వంతెన గురించి ఏదో ఒకటి కల్పించి చెప్తాను. ఎంత శ్రద్ధగా వింటుందో’ అని."

"వినేదాన్ని. స్తంభాలు ఎన్ని లేచాయో కూడా అడిగేదాన్ని."

"నన్ను క్షమించండమ్మా. ఒక్క ఫోను చేసుంటే ఆ కుర్చీలో మీరుండేవారు. ఆయన మాటిమ్మన్నారు, ఇచ్చాను. కానీ ఆ మంగళవారాలు మీవి. మీకు దక్కాల్సినవి నేను తీసుకున్నాను. ఆయన పోయిన రోజు ఆఫీసంతా మీ ఇంటికొచ్చింది. నేను రాలేదు. మీ వీధి మొదలుదాకా వచ్చి, మీ మొహం చూడలేక వెనక్కెళ్ళిపోయాను."

"అందుకా. వచ్చినవాళ్ళందరిలో వెతికాను నేను. నువ్వు లేవు."

"నన్నెలా వెతుకుతారమ్మా? నన్ను మీరెప్పుడూ చూడలేదు కదా."

"చూశాను నాయనా. ఆయన సంచిలో ఆస్పత్రి కాగితం నాకు మొదటి మంగళవారానికి ముందే దొరికింది. పదకొండు మంగళవారాలూ ఆ ఆస్పత్రి ఎదురుగా బస్టాపులో కూర్చున్నాను. నాకు తెలుసని తెలిస్తే ఆయన నిబ్బరం చెదిరిపోతుందని లోపలికి రాలేదు. నువ్వు చెయ్యి పట్టుకుని ఆయన్ని మెట్లు దించేదాకా చూసి, మీకంటే ముందే బస్సెక్కి ఇంటికెళ్ళి, ఆయనొచ్చేసరికి తలుపు తీసేదాన్ని."