ఒక పైలట్‌కి ఇరవై గ్యాలన్లు

"ముందే చెప్తున్నా, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఇవాళ పొద్దున్న నేను కూల్చింది ఒకే ఒక్క విమానం," అన్నాడు లెఫ్టినెంట్ స్ట్రౌడ్, నేనిచ్చిన కాఫీ ఊదుకుంటూ.

గంట కిందటే ఆయన్ని పసిఫిక్ సముద్రంలోంచి తాడేసి లాగాం. మా కళ్ళకి ఆయన మనిషి కాదు, ఐస్‌క్రీం. మాది చిన్న యుద్ధనౌక. ఐస్‌క్రీం చేసే యంత్రం పెద్ద విమానాల ఓడలకే ఉంటుంది. నీళ్ళలో పడ్డ వాళ్ళ పైలట్‌ని తిరిగి అప్పజెబితే వాళ్ళు మాకు ఇరవై గ్యాలన్లు పంపాలి. ఈ సముద్రంలో అదే ఆచారం. నలభై ఏడు రోజులుగా మా నోట్లో చల్లటిదేదీ పడలేదు. అందుకే వంటవాణ్ణైన నాతో సహా అందరం డెక్కు మీద చుట్టూ చేరి ఆయన్ని కొత్త అల్లుడిలా చూసుకుంటున్నాం.

"ఒక్కటేనా సార్?" అన్నాడు మాన్‌కూసో. దుర్భిణీ పెట్టుకుని ఆకాశాన్ని కాపలా కాసే పని అతనిది.

"ఎదురుగా వచ్చింది ఒకటి. వెనకాల వచ్చినవి చెప్పుకోవడం దేనికి, ఓ ఆరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తూటాలు అయిపోయాయి! ఇంకొకడైతే ఇంటిదారి పట్టేవాడు. నేనా? నా విమానం ముందున్న పంకాతో ఎనిమిదోవాడి తోక కత్తిరించేశా, మంగలి క్రాపు చేసినంత నున్నగా. తొమ్మిదోవాడు పక్కనే ఎగురుతూ పళ్ళికిలించాడు. నాకు ఒళ్ళు మండింది. అద్దం జరిపి, బూటు విప్పి, గురిచూసి కొట్టాను. సరిగ్గా ముక్కు మీద!"

"ఆ బూటుని ఇందాకే ఇంజను గది దగ్గర ఆరేశాను సార్," అన్నాడు మాన్‌కూసో.

"ఆరేస్తావు మరి! వాడు కూలిపోతుంటే వాడికంటే ముందు కిందికి దిగి మళ్ళీ అందుకున్నా కదా. సర్కారువారి బూటు, పారేస్తే ఊరుకుంటారా? సరే, అసలు సంగతి వినండి. మబ్బు దాటేసరికి కింద శత్రువుల విమానాల ఓడ. నన్ను తమవాడే అనుకుని జెండాలు ఊపి రమ్మన్నారు. అంత ప్రేమగా పిలిచాక వెళ్ళకపోతే బాగుంటుందా? దిగాను. ఒకడు పెట్రోలు పోశాడు, ఒకడు అద్దం తుడిచాడు, వాళ్ళ అడ్మిరల్ స్వయంగా టీ పట్టుకొచ్చాడు. చప్పగా ఏడ్చింది, మొహమాటానికి తాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైకి లేస్తుంటే నా విమానం తోక కొక్కెం, దిగే విమానాల్ని ఆపడానికి వాళ్ళు డెక్కు మీద కట్టిన తాడుకి తగులుకుంది. నేను ఎగురుతున్నా, ఓడ వెనకాలే వస్తోంది! తొమ్మిది మైళ్ళు ఈడ్చుకొచ్చా. తెల్ల చొక్కాలు ఊపుతూ వదిలెయ్యమని వాళ్ళది ఒకటే గోల."

"వదిలేశారా?"

"జాలిగుండె కదా, వదిలేశా."

"మరి నీళ్ళలో ఎందుకు పడ్డారు సార్?"

"పడ్డానా? ఎవడన్నాడు? దిగాను! పైనుంచి మీ మొహాలు చూశా, పాపం, ఐస్‌క్రీం లేక వాడిపోయి ఉన్నాయి. నాలాంటివాడికి ఇరవై ఏమిటయ్యా, రెండొందల గ్యాలన్లు పంపుతారు, చెర్రీలతో సహా! మీకోసమే విమానాన్ని త్యాగం చేశా."

రెండొందలు అనగానే మావాళ్ళు గుటకలు మింగారు. సిగ్గు విడిచి చెప్తున్నా, నేను కూడా మింగాను.

"ఏమీ అనుకోకండి సార్," అన్నాడు మాన్‌కూసో. "పొద్దుట్నుంచీ నేను దుర్భిణీ దించలేదు. ఆకాశంలో మీరొక్కరే ఉన్నారు. ఒక ట్యాంకు ఖాళీ అయితే రెండో ట్యాంకుకి మీట తిప్పాలిగా, అది మర్చిపోయానని, తాడు పట్టుకుని మీరే ఏడ్చారు."

"అదా... శత్రువులు పొంచి వింటున్నారేమోనని అలా అన్నాలే."

ఇంతలో దీపాల సైగలు చదివే హచిన్స్ కాగితంతో వచ్చాడు. "వాళ్ళ ఓడ జవాబిచ్చింది. స్ట్రౌడ్‌ని తిరిగి పంపితే ఇరవై గ్యాలన్లట. మన దగ్గరే ఉంచుకుంటే నలభై అట. తినేది మీరే కాబట్టి మిమ్మల్నే తేల్చుకోమన్నారు కెప్టెన్ గారు."

నలభై గ్యాలన్లు! మనిషికి రెండు గిన్నెలు వచ్చినా ఇంకా మిగులుతుంది. అందరూ వంటవాణ్ణని నావైపే చూశారు.

స్ట్రౌడ్ గొంతు సవరించుకున్నాడు. "చూశారా, నాకెంత గిరాకీ ఉందో! అసలు పోయిన వేసవిలో ఏమైందో తెలుసా..."

"హచిన్స్," అన్నాను, "ఐస్‌క్రీం ఏమీ వద్దని చెప్పు. ఉత్తినే తీసుకుపొమ్మను."

ఒక్కడు కూడా కాదనలేదు.